టేకు చెట్టు రాసుకున్న వానల లెక్క
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా బొంరాస్‌పేటలో చేసిన ప్రసంగ పాఠం)

కరువు భత్యం సంగతి నాకన్నా ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నేను అసలు కరువు గురించి చెబుతాను.

తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరిన కొత్తలో వర్షపాతం రిజిస్టరు నా చేతికిచ్చారు. ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకంలో నీళ్ళు కొలిచి అంకె వేయాలి. అంకెలను బట్టి సగటు, సగటును బట్టి కరువు ప్రకటన. అయితే మన దేశంలో వాతావరణ శాఖ ఏర్పడిందే 1875లో. అంతకు ముందు వందల ఏళ్ళ లెక్క ఎవరు రాశారు?

టేకు చెట్టు రాసింది. ఎండాకాలం ఆకు రాల్చి ఊరుకుంటుంది, వానలు పడగానే పెరగడం మొదలుపెడుతుంది. ఆ ఏటి పెరుగుదల కాండంలో ఒక వలయంగా నిలుస్తుంది. కాలమైతే వెడల్పు, కాకపోతే సన్నం. మన్నెగూడ దారిలోని మర్రిచెట్లు ఎంత పాతవైనా ఈ పనికి రావు. మర్రిలో ఏటికొక వలయం స్పష్టంగా ఏర్పడదు.

ఒక్క మొద్దు చూసి కరువు ఏడాది చెప్పేస్తే కుదరదు. పురుగు పట్టినా, నిప్పు తగిలినా, పక్కచెట్టు నీడ కమ్మినా వలయం సన్నబడుతుంది. అందుకని చాలా చెట్ల వలయాలను పక్కపక్కన పెట్టి, మనం రెండు రిజిస్టర్లు సరిచూసినట్టు సరిచూస్తారు. చెట్టు కొట్టనక్కరలేదు, బోలు బరమాతో పెన్సిలంత సన్నని పుల్ల తీస్తారు. అమెరికాలో డగ్లస్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఈ విద్యకు ఆద్యుడు.

పూనాలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారు కేరళ టేకు చెట్లతో 1481 నుంచి 2003 దాకా, అంటే 523 ఏళ్ళ లెక్క కట్టి 2010లో ప్రకటించారు. ఎల్‌నినో వచ్చి వానలు తగ్గిన ఏళ్ళలో వలయాలు సన్నంగా ఉన్నాయట. అదే ఏడాది ఎడ్వర్డ్ కుక్ బృందం ఆసియాలో 300కు పైగా చోట్ల చెట్ల లెక్కలు కలిపి కరువుల పటాలు తయారుచేసింది. అందులో 1876–78 కరువు కనబడుతుంది. మన పెద్దలు ధాత కరువు అన్నది అదే. కాగితాల్లోనూ ఉంది గనుక చెట్టు మాటకు సాక్ష్యం దొరికింది. 1790 దశకంలోనూ ఎండు ఏళ్ళు వరుసగా వచ్చాయి. దక్కనులో పుర్రెల కరువు ఆ రోజుల్లోదే.

నన్ను కలవరపెట్టేది ఆ 'వరుసగా' అన్న మాటే. 1972ను, 2002ను మనం కళ్ళారా చూశాం. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు కాలమవుతుందన్న ధీమాతోనే మన పిల్లలు అప్పుచేసి బోరు మీద బోరు వేస్తున్నారు. నాలుగేళ్ళు కాలం కాకపోతే ఆ అప్పు ఎవరు తీరుస్తారు? ఇక రెండేళ్ళు నిండని కుంట శిఖంలో ప్లాట్లు కొనేవారిని చూస్తే నాకు నోట మాట రాదు.

కోతమిల్లు నుంచి ఒక టేకు బిళ్ళ తెచ్చాను. ఏ ఏడు కొట్టారో మిల్లువారికి తెలియదు గనుక సంవత్సరాలు వేయలేకపోయాను. అంచుకు దగ్గరలో సన్న వలయాలు వరుసగా మూడున్నాయి. చాయ్ తాగేటప్పుడు చూడండి, అద్దాలు మరవకండి.