పాత నావ, మొదటి నావ

మరిపెడ చుట్టుపక్కల చెరువుల మీద ఆధారపడి బ్రతికే సోదరులారా, ఈవేళ మీతో పాత నావ కొనే సంగతి మాట్లాడదలచుకున్నాను. సముద్రమెక్కడ, మనమెక్కడ, మనకు నావతో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. నిజమే, మన ఊరికి సముద్రం నూరు మైళ్లకు పైమాటే. కాని ఆకేరు మన గుమ్మంలో పారుతున్నది, ఊరూరా చెరువున్నది, అవతల పాలేరు జలాశయమున్నది. చేపలు పట్టేవాడికి ఉప్పునీళ్లయినా మంచినీళ్లయినా మునిగితే ఒకటే.

2015లో మిషన్ కాకతీయ పనులు మొదలైనప్పటి నుంచి చాలా చెరువులలో పూడిక తీశారు. 2016 నుంచి సర్కారు ఉచితంగా చేపపిల్లలను వదలడం మొదలుపెట్టింది. చెరువు లోతయింది, అందులో బొచ్చె, రవ్వు, బంగారుతీగ పెరిగినవి. లోతు పెరిగిన చెరువులో నడుములోతున నిలబడి వల వేయడం కుదరదు. అందుకనే మనవాళ్లు థర్మాకోల్ అట్టలు కట్టి తెప్ప చేసుకున్నారు, లారీ ట్యూబుల మీద పలక వేసుకున్నారు. చవకే, కాదనను. కాని గాలి లేస్తే ఆ తెప్ప ఎటు పోతుందో దాని మీద కూర్చున్నవాడికే తెలియదు. తడిసిన వల, పది పదిహేను కిలోల చేప దాని మీదికి ఎక్కించగానే ఒక మూల దిగిపోతుంది. ఇట్లా నాలుగైదు ఏండ్లు పడ్డవాడు, కొత్త నావకు స్తోమత చాలక, "పాతదొకటి దొరికితే కొందాం" అనుకుంటాడు. ఆ ఆలోచన మంచిదే. తొందర మాత్రం మంచిది కాదు.

నేనెరిగిన ఇద్దరు అన్నదమ్ములు పన్నెండడుగుల ఫైబర్ నావ కొన్నారు. నీలి రంగు వేసి నిగనిగలాడుతున్నది. అమ్మేవాడు, "అన్నా, రెండేండ్లు కూడ వాడలె" అన్నాడు. వీళ్లు నమ్మారు. అప్పు తెచ్చిన పైకం ఇచ్చి ట్రాక్టరు మీద తెచ్చుకున్నారు. మూడో నాటి తెల్లవారుజామున వల తీస్తుండగా కాళ్ల కింద నీళ్లు తగిలినవి. అడుగున పాత పగులు, దానిమీద మైనం లాంటి పూత, ఆ పైన రంగు. చిన్నవాడికి ఈత బాగా వచ్చు గనుక కట్టకు చేరాడు. పెద్దవాడి కాలికి వల చుట్టుకున్నది. నడుముకు కత్తి ఉండబట్టి వల కోసుకుని బయటపడ్డాడు. వల పోయింది, నావ చెరువు అడుగున పడింది, అప్పు మిగిలింది. వాళ్లు ఏం చూసి కొనవలసిందో, మీరు ఏం చూడవలెనో, అదే చెబుతాను.

మొట్టమొదట, రంగు చూడకండి. రంగు అమ్మేవాడి కోసం వేసింది. నావను ఎండలో బోర్లించమనండి. ఒక రూపాయి బిళ్ల తీసుకుని అడుగంతా, ముఖ్యంగా మధ్య వెన్ను పొడవునా, టకటకా కొట్టుకుంటూ పోండి. గట్టి ఫైబరు కుండ మోగినట్లు ఖంగుమంటుంది. లోపల పొరలు విడిపోయిన చోట, నీళ్లు పట్టిన చోట, తడిసిన మూకుడు మీద కొట్టినట్లు మొద్దు శబ్దం వస్తుంది. ఆ చోట సుద్దముక్కతో గీత పెట్టండి. ఒకటి రెండు గీతలైతే బేరం తగ్గించుకోవచ్చు, బాగు చేయించుకోవచ్చు. అడుగంతా గీతలైతే దండం పెట్టి ఇంటికి వెళ్లండి. తరువాత వెనక పలక చూడండి. మోటారు బిగించి వాడిన నావలలో ఆ ఫైబరు లోపల చెక్క ఉంటుంది. బోల్టుల రంధ్రాల గుండా నీళ్లు దిగి ఆ చెక్క పుచ్చిపోతుంది. బోల్టు చుట్టూ బొటనవేలితో గట్టిగా నొక్కితే మెత్తగా లోనికి పోతే అది పుచ్చినట్లే. చెక్క నావ అయితే రూపాయి బిళ్ల పనిచేయదు, కత్తి మొన కావాలి. వెన్ను పక్క పలకలలోను, మేకుల చుట్టూ, మొన గుచ్చి చూడండి. మంచి కర్ర మొనను పట్టుకుంటుంది, చెడిపోయిన కర్ర లోనికి రానిస్తుంది.

ఇంకొక పరీక్ష ఉన్నది, దీనికి అమ్మేవాడు కొంచెం గునుస్తాడు. నావను రెండు దుంగల మీద ఎత్తి పెట్టి, లోపల జానెడు లోతు నీళ్లు పోసి, ఒక రాత్రి వదిలిపెట్టమనండి. అంతకంటె ఎక్కువ పోయకండి, బరువుకు మంచి నావ కూడ వంగిపోతుంది. తెల్లవారి కింద తడి ఎక్కడ ఉన్నదో చూస్తే పగులెక్కడో నావే చెబుతుంది. బయటి నుంచి వంద కండ్లు వెతికినా దొరకనిది ఈ ఒక్క రాత్రిలో దొరుకుతుంది. "మాకు నమ్మకం లేదా" అని అమ్మేవాడు నిష్ఠూరమాడితే, "నమ్మకం నీ మీద ఉన్నది బావా, నీళ్ల మీద లేదు" అనండి.

ఇక నీళ్లలో దింపి చూడటం. నడుములోతు మించని చోటనే దింపండి. మీరిద్దరి బరువు, వల బరువు, చేప బరువు కలిపి ఇసుక సంచులు వేయండి. అంత బరువుతో కూడ అంచు నీటికి జానెడు పైన ఉండవలెను. ఒక మనిషి ఒక పక్క అంచుకు జరిగి నిలబడితే నావ వంగవచ్చు గాని అంచు నీళ్లు తాగరాదు. తాగితే ఆ నావ ఒక మనిషికే పనికి వస్తుందని లెక్క వేసుకోండి.

నావ బాగున్నదనుకుందాం. ఇప్పుడు కాగితాల మాట. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటున్నది. నావ కొంటే చెరువు మీద హక్కు వచ్చినట్లు అనుకుంటారు. రాదు. చెరువులో చేప పట్టే హక్కు కౌలు తీసుకున్న మత్స్య సహకార సంఘానిది, దాని సభ్యులది. జలాశయమైతే మత్స్యశాఖ ఇచ్చే లైసెన్సుది. సభ్యత్వం లేనివాడు ముందు సంఘం ద్వారా దరఖాస్తు పెట్టుకోవలెను. కొత్త సభ్యులకు ఈత, వల విసరడం, వల అల్లడం వంటి వాటిలో నైపుణ్య పరీక్ష పెట్టడం మన రాష్ట్రంలో ఉన్న పద్ధతి. ఆ పరీక్ష ముగిసిన తరువాతనే నావ మాట. ముందు నావ కొని, తరువాత సభ్యత్వం కోసం తిరిగేవాడి నావ చెట్టుకింద ఎండుతుంది.

సభ్యుడైన వాడు నావ కొన్న వారంలోనే సంఘం సమావేశంలో చెప్పి, ఆ సంగతి తీర్మానాల పుస్తకంలో రాయించుకోండి. నావ పొడవు, వెడల్పు, ఏ సరుకుతో చేసింది, ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకు కొన్నారు, ఎవరి పేరున ఉన్నది, ఇవన్నీ రాయాలి. అమ్మినవాడి దగ్గర ఇద్దరు సాక్షులతో అమ్మకపు పత్రం రాయించుకోవాలి. నావ ముందు భాగాన, రెండు పక్కలా, సంఘం పేరు, మీ నంబరు పెద్ద అక్షరాలతో పెయింటు చేయించండి. నావ కొట్టుకుపోయినా, ఎవరైనా తోలుకుపోయినా, ఆ పేరే దాన్ని మీ ఇంటికి తెస్తుంది. సంఘం రాసుకున్నది చాలుననుకోవద్దు. మహబూబాబాదులోని జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో కూడ ఒక నకలు ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి.

కోస్తా నుంచి తెచ్చిన నావ అయితే ఇంకొక జాగ్రత్త. సముద్రపు నావకు పక్కన ఐ.ఎన్.డి., ఏ.పి. అని మొదలయ్యే నంబరు ఉంటుంది. అందులో ఎం.ఎం. అంటే యంత్రపు పడవ, ఎం.ఓ. అంటే మోటారు తగిలించినది, ఎన్.ఎం. అంటే మోటారు లేనిది. 2008లో ముంబయి మీద దాడి చేసినవారు ఒక చేపల పడవను పట్టుకుని దానిలోనే వచ్చారు. ఆ తరువాత సముద్రపు నావల లెక్క దేశమంతటా బిగించారు. అందువల్ల నంబరు ఉన్న నావను కొంటే, రిజిస్ట్రేషను కాగితం అసలు చూడండి. అందులో ఉన్న పేరు, అమ్మేవాడి పేరు ఒకటేనా అని చూడండి. ఆ నంబరు రద్దు చేయించి, రద్దయిన కాగితం మీ చేతికి ఇచ్చిన తరువాతే మిగిలిన పైకం ఇవ్వండి. నంబరు మీద రంగు పూసి అమ్మజూపే నావ ఎంత చవకగా వచ్చినా తాకవద్దు. అది దొంగసొమ్ము కావచ్చు.

మోటారు సంగతి చాలామంది అడుగుతారు. ఒక ఊరి చెరువుకు మోటారెందుకో నాకర్థం కాదు. తెడ్డుతో పావుగంటలో అవతలి కట్టకు పోవచ్చు. పాలేరు వంటి జలాశయం నీళ్లు తాగడానికి పోతున్నవి, అందులో నూనె, డీజిలు కారడం ఎవరికీ మంచిది కాదు. పైగా 1917 నాటి పాత చట్టాన్ని తీసివేసి 2021లో లోతట్టు నీటి నావల చట్టం తెచ్చారు. యంత్రంతో నడిచే నావను తనిఖీ చేయించి రిజిస్టరు చేయించవలెనని అది చెబుతుంది. చేతితో నడిపే నావలను స్థానికంగా నమోదు చేసే ఏర్పాటు కూడ అందులో ఉన్నది. మీది చేపల నావ కాబట్టి ఏది వర్తిస్తుందో మత్స్యశాఖ అధికారినే అడిగి, మోటారు బిగించక ముందే రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఇప్పుడు సామాను. మన అన్నదమ్ముల నావ ఎందుకు అడుగుకు పోయింది? ఫైబరు నీటికంటె బరువు. కర్ర నావ నిండా నీళ్లు నిండినా తేలుతుంది. ఫైబరు నావ నిండితే రాయిలా దిగిపోతుంది. దానికి ఉపాయం సులువు. మూత బిగించిన ఇరవై లీటర్ల ఖాళీ డబ్బా ఒక్కొక్కటి నీళ్లలో సుమారు ఇరవై కిలోల బరువును మోస్తుంది. నూరు కిలోల ఫైబరు నావ నీళ్లలో మునిగినప్పుడు తూగేది ముప్పై నాలుగు కిలోలకు అటూ ఇటూ. వల, లంగరు రాయి మొదలైన వాటికి ఇరవై వేసుకోండి. అంచు పట్టుకుని తల పైకి పెట్టి తేలే ఇద్దరు మనుషులకు ఇంకొక ఇరవై. మొత్తం డెబ్బై దాటుతున్నది. అంటే ఆరు డబ్బాలు ఉంటే భయం లేదు. రెండు పక్కలా సమంగా, అంచుల దగ్గర, బల్లల కింద, తాటితో గట్టిగా బిగించి కట్టాలి. వదులుగా పడేస్తే నావ మునిగేటప్పుడు డబ్బాలు పైకి తేలి పోతాయి, నావ కిందికి పోతుంది. ఈ డబ్బాలు కట్టిన తరువాత కట్టపక్కన లోతులేని చోట నావను కావాలని నీళ్లతో నింపి చూడండి. అంచులు పైకి కనబడుతూ తేలితే అప్పుడు లోతుకు పోండి.

నావకు డబ్బాలైతే మనిషికి జాకెట్టు. ప్రాణరక్షణ జాకెట్టు నావలో మడిచిపెట్టేది కాదు, ఒంటి మీద బెల్టులు బిగించుకునేది. "నాకు ఈత వచ్చు" అనేవాడికి నా జవాబు ఒకటే. ఈత వచ్చినవాడి కాలికే వల చుట్టుకుంటుంది. నడుముకు ఒరలో చిన్న కత్తి, మెడలో ఈల, ఫోను ప్లాస్టిక్ సంచిలో కట్టి చొక్కా జేబులో ఉండాలి. నావలో రెండు తెడ్లు, విరిగితే పనికి వచ్చే మూడోది, ఒక వెదురు గెడ, నీళ్లు తోడే చిప్ప తాడుతో కట్టి, ఇరవై గజాల నైలాను తాడు, ఒక టార్చిలైటు ఉండాలి. ఉరిమిందంటే వల వదిలేసి కట్టకు రావాలి. చెరువు నడుమ మీరే ఎత్తయిన వస్తువు.

దీనికంతా పైకం కావాలిగదా. పాత నావ ధరలో నాలుగోవంతు సామానుకు ముందే పక్కన పెట్టుకుని, మిగిలిన దానితోనే బేరమాడండి. నావకే అంతా ఇచ్చి జాకెట్టుకు చూద్దాంలే అంటే ఆ చూద్దాం ఎన్నటికీ రాదు. మత్స్యకారులకు కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయం 2018–19లో ఇచ్చారు, బ్యాంకులో అడగండి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో లబ్ధిదారుల పనులకు సాధారణంగా నూటికి నలభై, షెడ్యూల్డు కులాలు, తెగలు, స్త్రీలకు నూటికి అరవై వంతున సబ్సిడీ పెట్టారు. అది చాలావరకు కొత్త సామానుకే గాని పాత నావకు కాదని గుర్తుంచుకోండి. అదే పథకం కింద ప్రమాద బీమా కూడ పెట్టారు. మరణానికి లేదా పూర్తి శాశ్వత వైకల్యానికి 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రెండున్నర లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేలు. ప్రీమియం ప్రభుత్వాలే కట్టుతాయి. మీ పేరు ఆ జాబితాలో ఉన్నదా, నామినీగా ఎవరిని రాశారు, ఈ సంవత్సరం అమలులో ఉన్నదా అని సంఘం అధ్యక్షుణ్ణి అడగడానికి మొగమాటం వద్దు.

ఒక మాట ఆకేరు గురించి. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి మన మండలంలోని సీతారాం తండాను ముంచింది. పురుషోత్తమాయగూడెం దగ్గర వంతెన మీదుగా నీళ్లు పొర్లినవి. అలాంటి రాత్రి ఊరివాళ్లు "నీకు నావున్నది గదా, తమ్మీ" అని మీ తలుపు తడతారు. చెరువు నావ పొంగిన వాగుకు పనికిరాదు. వరదనీటిలో చెట్లు, తీగలు, కూలిన గుంజలు కొట్టుకువస్తాయి, పారే నీటిలో తెడ్డు పట్టు దొరకదు. నిలిచిన నీటిలో, ఇళ్ల మధ్య, తాడు కట్టుకుని, జాకెట్లు వేసుకుని, ముసలివాళ్లను, పిల్లలను ఒక్కొక్కరిని దాటించవచ్చు. పారుతున్న నీటికి మాత్రం అధికారులకు, రక్షణ దళానికి కబురు పంపండి. ఈ సంగతి వానలు రాకముందే ఊళ్లో పెద్దమనుషులతో మాట్లాడి పెట్టుకోండి. ఆ రాత్రి మాట్లాడటానికి వ్యవధి ఉండదు.

వేసవిలో చెరువు ఎండినప్పుడు నావను కట్ట మీద ఎండకు వదలకండి. చింతచెట్టు కిందికో, కొట్టం పక్కకో చేర్చి, రెండు దుంగల మీద బోర్లించండి. డబ్బాల మూతలు తీసి లోపల తడి ఉన్నదేమో చూడండి, జాకెట్టు బెల్టులు ఎలుకలు కొరకకుండా దూలానికి తగిలించండి. మళ్లీ తొలకరికి నీళ్లలో దింపే ముందు, రూపాయి బిళ్ల ఇంకొకసారి తీయండి.