తాగునీటిలో సీసం: కుళాయికి ముందున్న చివరి గజాలు



యానాంలో పుట్టి పెరిగినవారికి నీటి మంచిచెడులను కంటితో చూసి, నాలుకతో రుచిచూసి నిర్ణయించడం అలవాటు. గౌతమికి ఎర్రనీరు వచ్చినప్పుడు బిందెలో పటిక తిప్పడమో, కుండ లోపల ఇండుపగింజ అరగదీయడమో చేసి, ఒండ్రు అడుగుకు దిగిన తరువాత పైతేట తీసుకోవడం గోదావరి తీరపు పాత పద్ధతి. వేసవిలో నదీప్రవాహం తగ్గి సముద్రపు పోటు ఎగువకు పాకితే, నీటిలో చేరిన ఉప్పు మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. వరద వచ్చి వెళ్ళిన తరువాత నీరు మరిగించి తాగాలన్నది ఇంటింటా తెలిసిన మాటే.

ఈ అనుభవజ్ఞానం బురద విషయంలో, ఉప్పు విషయంలో, రోగక్రిముల విషయంలో పనికివస్తుంది. సీసం విషయంలో పనికిరాదు. నీటిలో కరిగిన సీసానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. క్లోరిన్ బిళ్ళ దానిని ఏమీ చేయలేదు. మరిగించినప్పుడు ఆవిరై పోయేది నీరే కనుక, మిగిలిన నీటిలో సీసం పాలు కొంత పెరుగుతుంది కూడా. ఊరు వదలి నగరంలో అద్దె ఇల్లు తీసుకున్న కుటుంబానికి ఇది మరింత ముఖ్యమైన విషయం. ఆ ఇంటి గోడలో ఏ పైపు ఉందో, ఎవరు ఎప్పుడు అతుకు వేశారో వారికి తెలిసే అవకాశం తక్కువ.

ముందుగా హాని సంగతి. శరీరంలో సీసానికి ఉపయోగమంటూ ఏదీ లేదు. అది కాల్షియం వలె నటించి ఎముకలలోకి, మెదడులోకి ప్రవేశిస్తుంది. పెద్దవారి పేగులు మింగిన సీసంలో సుమారు పదోవంతును గ్రహిస్తే, పసిపిల్లల పేగులు సగం వరకూ గ్రహించగలవు. ఇనుము, కాల్షియం కొరవడిన శరీరం ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. ఫలితంగా పిల్లలలో నేర్చుకునే శక్తి, ఏకాగ్రత తగ్గుతాయి. పెద్దలలో రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి పెరుగుతాయి. తల్లి ఎముకలలో ఏళ్ళ తరబడి నిలిచిన సీసం గర్భకాలంలో కరిగి బిడ్డను చేరుతుంది. పిల్లలకు హాని చేయని సీసం మోతాదు ఇంతవరకు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు గాని, అంతకు మించి గాని ఉంది. పాత బ్యాటరీల కరిగింపు, రంగులు, వంటపాత్రలు, కల్తీ మసాలాలు ఇందుకు ప్రధాన మార్గాలు. నీరు కూడా అటువంటి మార్గమే. అయితే రోజుకు పదిసార్లు నోటికి చేరే మార్గం.

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరు తాగునీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము దాటరాదు. వేరే నీటి వనరు లేదన్న కారణంతో కొన్ని లవణాలకు ఆ ప్రమాణం సడలింపు ఇస్తుంది గాని, సీసానికి సడలింపు లేదు.

మరి సీసం నీటిలోకి ఎక్కడ చేరుతుంది? చాలా సందర్భాలలో నదిలోనూ కాదు, శుద్ధి కేంద్రంలోనూ కాదు. వీధి పైపు దాటి, ఇంటి కుళాయి నుంచి గ్లాసులో పడేలోగా చేరుతుంది. ఇత్తడి కుళాయిలలో, వాల్వులలో పనితనం సులువుగా ఉండేందుకు సీసం కలుపుతారు. పాత అతుకుల టంకంలో సీసం ఉంటుంది. జీఐ పైపు మీది జింకు పూతలో అది మాలిన్యంగా ఉండవచ్చు. పీవీసీ పైపు వేడికి చెడిపోకుండా తయారీలో సీసపు లవణాలు వాడే అలవాటు చాలాకాలం సాగింది; దానిని అదుపు చేయడానికి కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2021లో ప్రత్యేక నియమావళి జారీ చేసింది. రాత్రంతా పైపులో కదలక నిలిచిన నీరు ఈ లోహాలను మెల్లగా కరిగించుకుంటుంది. నీరు పుల్లనిదైనా, ఉప్పు ఎక్కువైనా ఆ కరుగుదల వేగం పెరుగుతుంది.

ఈ చివరి మాటకు ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ అమెరికాలోని ఫ్లింట్ నగరం. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి ఆ నగరం హ్యూరాన్ సరస్సు నీటిని మాని, ఫ్లింట్ నది నీటిని పంపిణీ చేయడం మొదలుపెట్టింది. ఆ నీటిలో క్లోరైడు ఎక్కువ. పైపులు తినిపోకుండా కాపాడే రసాయనాన్ని కలపలేదు. అదే ఏడు అక్టోబరులో జనరల్ మోటార్స్ ఇంజిన్ల కర్మాగారం ఆ నీటివల్ల తమ భాగాలు తుప్పుపడుతున్నాయని వేరే నీటికి మారింది. ఇనుమును తినివేసే నీటినే పిల్లలు మరొక ఏడాది పాటు తాగారు. పరీక్షలలో నీరు ప్రమాణాలకు లోబడే ఉందని అధికారులు చెబుతూ వచ్చారు. పరీక్షకు ముందు రాత్రి కుళాయి కాసేపు వదలి ఉంచమని ఇంటివారికి సూచించడం వల్ల అసలు సీసం లెక్కకు చిక్కలేదు. 2015 సెప్టెంబరులో పిల్లల వైద్యురాలు మోనా హనా అటీషా రక్తపరీక్షల లెక్కలు బయటపెట్టిన తరువాతనే, అక్టోబరులో పాత నీటిని పునరుద్ధరించారు.

యానాం వంటి డెల్టా ఊరికి ఈ కథ దూరపుది కాదు. పోటునీరు ఎగబాకే చోట, భూగర్భజలం ఉప్పనైన చోట, క్లోరైడు లోహాన్ని ఎలా తింటుందో కిటికీ ఊచలను, సైకిలు చువ్వలను చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. నీరు ఉప్పబడిన రోజులలో నాలుక గుర్తించేది ఉప్పును మాత్రమే; ఆ ఉప్పు కుళాయిలోంచి ఏమి కరిగించి తెచ్చిందో నాలుక గుర్తించలేదు.

గోదావరి జిల్లాలలో సీసం పేరు ఇంటింటా వినబడింది 2020 డిసెంబరులో. ఏలూరులో హఠాత్తుగా వందల మంది మూర్ఛ, తల తిరుగుడు, వాంతులతో ఆసుపత్రులలో చేరారు. కొందరి రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఢిల్లీలోని ఎయిమ్స్ పరీక్షలు తెలిపాయి. తరువాతి పరిశీలనలలో పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని నిపుణులు భావించారు. అవి శరీరంలోకి ఎలా చేరాయన్నది మాత్రం స్పష్టంగా తేలలేదు. ఈ సంఘటన నుంచి గ్రహించవలసినవి రెండు. నీటిలోని సీసం సాధారణంగా ఒక్కరోజులో పడగొట్టదు. సంవత్సరాల మీద చప్పుడు లేకుండా పనిచేస్తుంది. రెండవది, జబ్బు వచ్చిన తరువాత నమూనాలు వెదకడం కన్న, ఆరోగ్యంగా ఉన్న రోజులలోనే ఇంటి కుళాయి దగ్గర కొలిచి లెక్క ఉంచుకోవడం మేలు.

ఇక ప్రతి ఇంటివారు చేయదగిన పనులు. ఉదయం మొదట వచ్చే నీటిని వంటకు, తాగుటకు వాడకుండా, రెండు మూడు నిమిషాల పాటు బకెట్టులో పట్టి గచ్చు కడగడానికో, బట్టలు నానబెట్టడానికో వాడుకోవచ్చు. గీజరు నీటితో అన్నం వండరాదు, పసిబిడ్డకు పాలపొడి కలపరాదు; వేడినీరు సీసాన్ని ఎక్కువగా కరిగిస్తుంది. కొత్త పైపు కొనేటప్పుడు ఐ.ఎస్. 4985 ముద్ర ఉందో లేదో, సీసం లేనిదని రాసి ఉందో లేదో చూసి బిల్లు తీసుకోవాలి. సత్తు గిన్నెలు కొనేటప్పుడు, ఇత్తడి పాత్రలకు కళాయి పోయించేటప్పుడు తగరంలో సీసం కలపలేదని నమ్మకమైన చోటనే ఆ పని జరగాలి. ఆహారంలో రాగులు, ఆకుకూరలు, పాలు, పెరుగు, ఉసిరి, నిమ్మ ఉంటే సీసం శరీరానికి పట్టడం తగ్గుతుంది.

అంగడివారు చూపించే టీడీఎస్ మీటరును నమ్మి నిశ్చింతగా ఉండరాదు. అది కరిగిన లవణాల మొత్తాన్ని వందల మిల్లీగ్రాములలో చెబుతుంది. సీసం హద్దు మిల్లీగ్రాములో నూరోవంతు. ఆ యంత్రానికి అది అందదు. ఆర్.ఓ. యంత్రం సీసాన్ని చాలావరకు తొలగిస్తుంది గాని, పొర పాతబడితే ఆ శక్తి తగ్గుతుంది.

నిజం తేల్చేది ప్రయోగశాల ఒక్కటే. కుళాయిని కనీసం ఆరు గంటలు కదపకుండా ఉంచి, వదిలిన వెంటనే వచ్చే మొదటి లీటరును శుభ్రమైన సీసాలో పట్టాలి. కొన్ని నిమిషాలు నీరు వదిలి రెండవ సీసా పట్టాలి. ఎన్.ఏ.బి.ఎల్. గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో సీసం పరీక్ష అని ప్రత్యేకంగా అడగాలి. మొదటి సీసాలో ఎక్కువ, రెండవదానిలో తక్కువ ఉంటే దోషం ఇంటి పైపులలో ఉన్నట్లు. రెండింటిలోనూ ఎక్కువగా ఉంటే కారణం ఇంటి బయట ఉండవచ్చు. ఆ ఫలితాన్ని రాతపూర్వకంగా నీటి సరఫరా అధికారులకు అందజేయాలి. అద్దె ఇంటిలో మొదటి రకం దోషం కనబడితే యజమానికి ఆ కాగితమే చూపవచ్చు. మాటకన్న లెక్క బలమైనది.

ఇళ్ళకన్న ముందు కొలవవలసిన కుళాయిలు కొన్ని ఉన్నాయి. అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల, ప్రసూతి వార్డు: ఈ మూడు చోట్ల నీరు తాగేవారికే హాని అత్యధికం. వార్డు సభలలో పౌరులు అడగవలసిన ప్రశ్న కూడా మారాలి. ట్యాంకులో నీరు శుభ్రమేనా అన్న ప్రశ్నకు సమాధానం సాధారణంగా అవుననే వస్తుంది, అది నిజమే కావచ్చు. బడిలో పిల్లవాడు పెదవి ఆనించే కుళాయి దగ్గర, సెలవుల తరువాత తెరిచిన మొదటి రోజు ఉదయం, లీటరుకు ఎంత సీసం ఉంది? ఈ ప్రశ్నకు అంకెలలో సమాధానం రావాలి. ఆ అంకె బడి గోడమీద అందరికీ కనబడేలా ఉండాలి.