ఒక్క ‘సి’ మీట
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ విభాగంలో పనిచేశాను గనుక ఆనాటి ముచ్చట ఒకటి చెప్పమన్నారు. నా ఘనకార్యం ఒకటి మనవి చేస్తాను.

1992లో మా విభాగంలో సన్ కంపెనీవారి స్పార్క్‌స్టేషన్ ఉండేది. యూనిక్స్ మీద నడిచేది. ఒక రాత్రి అందులో భవిష్యనిధి లెక్కలు నడుస్తుండగా, దుమ్ము దులుపుదామని కీబోర్డు తీగ ఊడదీశాను. అంతే, పని ఆగిపోయింది. తెర మీద ఏదో ఇంగ్లీషు వాక్యం. తీగ మళ్ళీ తగిలించినా కదల్లేదు. కంగారులో స్విచ్ ఆపి వేశాను. ఆరు గంటల లెక్క గంగలో కలిసింది.

ఎందుకాగిందో తర్వాత మాన్యువల్ చదివితే తెలిసింది. ఆ యంత్రంలో మౌస్ తీగ కీబోర్డుకే తగిలించేవాళ్ళం. రెండూ సీరియల్ లైన్ల మీద సెకనుకు 1200 బిట్ల వేగంతో మాట్లాడేవి. ‘ఎ’ నొక్కితే అక్షరం వెళ్ళదండీ, 77 అనే మీట నంబరు వెళ్తుంది. వేలు తీస్తే 128 కలిపి 205 వెళ్తుంది. చిన్న ‘ఎ’నో పెద్ద ‘ఎ’నో లోపల పట్టిక చూసి తేల్చుకోవాలి. మౌస్ అయిదేసి బైట్లు పంపేది. మొదటిది బొత్తాల సంగతి, తక్కిన నాలుగూ ఎటు ఎంత జరిగిందన్నది. యూనిక్స్ వీటన్నిటికీ, పోస్టాఫీసులో ఉత్తరాలకు ముద్ర వేసినట్టు, వేళ వేసి విండోల ప్రోగ్రాముకు అందించేది. క్లిక్ ముందో, టైపు ముందో తకరారు రాకుండా.

ఇక తీగ ఊడదీస్తే ఆ లైను మీద ‘బ్రేక్’ అనే సంకేతం పుడుతుంది. ‘స్టాప్’, ‘ఎ’ మీటలు కలిపి నొక్కినా ఇదే ఫలితం. యూనిక్స్ ఉన్నచోటే ఆగి, పెత్తనం బోర్డు మీది ప్రామ్‌కు అప్పగిస్తుంది. యంత్రం చావలేదు, మన మాట కోసం ఎదురుచూస్తోంది! నేను చదవని ఆ వాక్యంలో ఉన్నదదే. ‘బి’ కొడితే మళ్ళీ మొదలు, ‘సి’ కొడితే ఆగిన చోటునుంచే కొనసాగింపు.

మర్నాడు మా అధికారి అడిగితే కరెంటు పోయిందన్నాను. జనరేటర్ చూసే కుర్రవాడికి మెమో వెళ్ళింది. ‘కరెంటు పోలేదు సార్’ అని అతను ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. నేనూ నోరు విప్పలేదు.

అతను కూడా రిటైరై మన సంఘంలో చేరారు. ఇవాళ వెనక వరసలో కూర్చున్నారు. ఆ రాత్రి కరెంటు పోలేదండీ. తీగ ఊడదీసింది నేను.