ఓస్లో ఓపెరా మందిరము

నార్వే రాజధానియైన ఓస్లో నగరమున, సముద్రపు పాయ యొడ్డున, తెల్లని మందిరమొకటి కలదు. ఓపెరాకును, బ్యాలే నృత్యమునకును 2008లో తెరచిన జాతీయ రంగశాల యది. ఓపెరా యనగా, మన యక్షగానమువలె, పాటతో కథ నడపెడి నాటకము.

మేము వెళ్లినది సాయంసమయము. ద్వారము వెదకుటకు ముందే మా పాదములు పైకప్పు నెక్కినవి. స్నోహెట్టా సంస్థ వాస్తుశిల్పులు ఆ కప్పును నీటి యంచునుండియే వాలుగా లేపి, ఇటలీ దేశపు కరారా చలువరాతితో పరచి, నడచువారికి విడిచిరి. టిక్కెట్టు లేదు. ఒక తాత మనుమరాలి చేయి పట్టుకొని మాకు ముందు నడచుచుండెను.

ప్రధానశాలలో నున్నవి 1,400 లోపు ఆసనములు. నగర జనము ఏడు లక్షలకు పైబడినది. ప్రజాధనముతో కట్టిన యిల్లు కొందరిదేనా యను సందేహము మమ్ము విడువలేదు. పైగా ఈ యిల్లు సులభముగా దొరకినది కాదు. సుప్రసిద్ధ గాయని కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ 1958లో తొలి సంచాలకురాలైన జాతీయ ఓపెరా, సుమారు అర్ధశతాబ్దము వేరొక నాటకశాలలో కాలము గడపినది.

వీధివైపునకు దిగితిమి. అచట రంగసామగ్రి సిద్ధపరచు పనివారు కిటికీలగుండ బాటసారులకు కనబడుచుందురు. కప్పుపై నడచుట సంగీతము వినుట కాదు, నిజమే. కాని ఒకసారి పాదము మోపిన యింటి తలుపు తట్టుటకు జంకు తగ్గును. నగరమునకు ఈ మందిరము చేసిన మేలు ఆ చనువేయని మాకు తోచినది.

మరలునప్పుడు చూచితిమి. ఆ బాలిక గాజుగోడకు మోము ఆనించి, లోని దీపములను చూచుచు, కదలనని మారాము చేయుచుండెను. తాత గడియారము చూచుకొని, తలుపు తెరచెను.