ఈస్టరు పండుగ - ఆటిజం ఉన్న పిల్లలు - తల్లులు

(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకోవడానికి కలిసిన చోట ఈస్టరు పండుగ ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. పింఛను, సర్టిఫికెట్టు, బడిలో ప్రవేశం గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇంకా మాట్లాడుకోవలసిందే. అయితే ఈ మూడు పట్నాల చుట్టుపక్కల పల్లెల్లో ఆటిజం ఉన్న పిల్లల తల్లులను "మీకు బాగా అవమానమనిపించిన రోజేది?" అని అడిగి చూడండి. ఆసుపత్రి గురించో, బడి గురించో చెబుతారనుకుంటాం. నాతో మాట్లాడిన తల్లుల్లో చాలామంది పండుగ రోజన్నారు. క్రైస్తవ కుటుంబాల్లో ఆ పండుగ క్రిస్మస్ కంటే ఎక్కువగా ఈస్టరే.

ముందు ఆటిజం గురించి రెండు మాటలు. అది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, పెంపకంలో లోపం వల్ల వచ్చేదీ కాదు. మెదడు ఎదిగే తీరులో చిన్ననాటి నుంచీ ఉండే తేడా. ఈ పిల్లల్లో కొందరికి మాటలు రావు. కొందరికి ధారాళంగా వస్తాయి కాని ఎదుటివాళ్ల మాటల్లోని మర్మం అందదు. చాలామందికి శబ్దం, వెలుతురు, వాసన, బట్టల స్పర్శ మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తగులుతాయి. రోజూ జరిగేది రోజూలాగే జరగాలి. ఆడపిల్లలైతే చుట్టూ ఉన్నవాళ్లను చూసి అనుకరిస్తూ మౌనంగా నెట్టుకొస్తారు. "మా పిల్ల సిగ్గరి, బుద్ధిమంతురాలు" అంటాం. ఆ బుద్ధిమంతురాలు ఇంటికొచ్చి తల గోడకేసి కొట్టుకుంటుంటే చూసేది తల్లి ఒక్కతే.

తల్లిని దోషిని చేయడం మన పల్లెల్లో మాత్రమే ఉన్న అజ్ఞానం కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజానికి వైద్యశాస్త్రంలో చోటు కల్పించాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పెద్ద పెద్ద చదువులు చదివిన మగవాళ్లు, తల్లి ప్రేమ చల్లబడడం వల్లనే బిడ్డ ఇలా అయిందని రాస్తూ వచ్చారు. "రిఫ్రిజిరేటర్ తల్లులు" అన్న మాట అలా పుట్టింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఆ వాదంతోనే ఒక పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. అప్పటికి మూడేళ్ల ముందే, 1964లో, ఆటిజం ఉన్న కొడుకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ ఆ వాదాన్ని ఖండించాడు. శాస్త్రం ఆ వాదాన్ని వదిలేసి చాలా కాలమైంది. మన చర్చి మెట్ల మీద మాత్రం అది ఇంకా కూర్చునే ఉంది, కాస్త మాట మార్చుకుని. "ఏ పాపం చేసిందో" అంటుంది.

ఇక ఈస్టరు. ఆటిజం ఉన్న పిల్లలకు ఈస్టరును ఎలా పరిచయం చేయాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకాలు, కాగితాలు చాలా ఉన్నాయి. అవి చాలావరకు రంగు గుడ్లు వెతికే ఆట చుట్టూ, కుందేలు బొమ్మ చుట్టూ తిరుగుతాయి. మనకు వాటితో పనిలేదు. 1842లో హయ్యర్ గుంటూరు వచ్చిన దగ్గర్నుంచీ వేళ్లూనుకున్న లూథరన్ సంఘాలు, బాపట్ల వైపు బాప్టిస్టులు, రక్షణ సైన్యం, కతోలికులు, పెంతెకొస్తు వాళ్లు - ఎవరి పద్ధతి వారిదైనా ఈ డెల్టాలో ఈస్టరుకు ఒక రూపం ఉంది. నలభై రోజుల శ్రమల కాలం. మట్టల ఆదివారం ఊరేగింపు. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం మూడు గంటలసేపు ఏడు మాటల ధ్యానం. ఆదివారం ఇంకా చీకటుండగానే కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి నడక, పాటలు, సూర్యోదయ ఆరాధన.

సమాధుల దగ్గరికి నడవడం ఇక్కడ ఎంత పెద్ద విషయమో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు. బతికున్నప్పుడు ఊళ్లో చోటు లేనివాళ్లకు, చనిపోయాక పూడ్చే చోటు కోసం కూడా పోరాడవలసి వచ్చినవాళ్లకు సమాధి అంటే సున్నం వేసిన దిబ్బ కాదు. 1991 ఆగస్టు 6న తెనాలికి దగ్గర్లోని చుండూరులో 8 మంది దళితులను చంపితే, వాళ్లను పాతిపెట్టిన చోటుకి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. ఈస్టరు తెల్లవారుజామున ఒక కుటుంబమంతా తమ వాళ్ల సమాధి దగ్గర నిలబడుతుంది. అక్కడ ఒక బిడ్డ లేదంటే, ఆ బిడ్డను కుటుంబ జ్ఞాపకంలోంచి తప్పించినట్టే. ఆ బిడ్డతో పాటు ఇంట్లో ఉండిపోయే మనిషి ఎవరో మీకు తెలుసు. తండ్రి కాదు.

ఆ పిల్లల వైపు నుంచి ఈ పండుగను ఒకసారి చూద్దాం. రోజూ ఆరింటికి లేచే బిడ్డను మూడింటికి లేపుతారు. కొత్త బట్టలు, మెడ వెనక గుచ్చుకునే లేబులు, జరీ. మార్చి చివర, ఏప్రిల్ ఎండ. గుంపు, డప్పు, మైకు. తెలిసిన మొహాలన్నీ కొవ్వొత్తి వెలుగులో వేరేగా కనబడతాయి. అగరొత్తుల పొగ, తడి సున్నం వాసన. అంతకు రెండు రోజుల ముందే శుక్రవారం నాడు పెద్దవాళ్లంతా ఏడ్చారు, ఆదివారం నవ్వుతున్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. పైగా పండుగ తేదీ కూడా నిలకడగా ఉండదు. క్రిస్మస్ ఎప్పుడూ డిసెంబరు 25. ఈస్టరు 2025లో ఏప్రిల్ 20, 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. మార్పంటే భయపడే బిడ్డకు ఇంతకంటే చిక్కు పండుగ ఏముంటుంది? చెవులు మూసుకుని కింద పడి దొర్లితే "మొండి" అంటారు, మరీ అరిస్తే "దయ్యం" అంటారు.

బాపట్ల వైపు ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. సిలువ మార్గం ప్రదర్శనలో యేసు వేషం వేసిన అబ్బాయిని సైనికుల వేషగాళ్లు కొరడాలతో కొడుతుంటే, ఈ పిల్లవాడు జనాన్ని తోసుకుంటూ వెళ్లి కొరడా లాగేశాడు. ప్రదర్శన పాడైందని కోప్పడ్డారు, కొందరు నవ్వారు. నన్నడిగితే, ఆ రోజు అక్కడ కథను కథగా కాక నిజంగా తీసుకున్నవాడు వాడొక్కడే. వాడికి ముందుగా చెప్పవలసింది రెండే మాటలు: ఇది నాటకం, దెబ్బ తగలదు. ఆ వేషాలు వేసే అన్నలను నాటకం ముందు రోజు మామూలు బట్టల్లో చూపించి, కొరడా చేతికిచ్చి ఉంటే సరిపోయేది.

చేయవలసిన పనులు చాలావరకు ఇలాంటివే, ఖర్చు లేనివి. శ్రమల కాలం నిజానికి మనకు దొరికిన వరం. భస్మ బుధవారం నుంచి గోడ మీద కాలెండరు పెట్టి రోజుకొక గడి కొట్టించవచ్చు, చివరి గడిలో కొవ్వొత్తి బొమ్మ. కిందటేడు ఫోటోలు ఫోన్లో ఉంటే వరుసగా చూపించవచ్చు: ముందు ఇది, తర్వాత ఇది, ఆ తర్వాత ఇంటికి. ఒక సందర్భాన్ని చిన్న చిన్న వాక్యాల్లో బిడ్డ వైపు నుంచి కథగా రాసి చదివి వినిపించే పద్ధతిని అమెరికాలో కారల్ గ్రే అనే టీచరు 1991 ప్రాంతంలో తీసుకొచ్చింది. మనకేమీ కొత్త కాదు. సండే స్కూళ్లలో బైబిలు కథలను బొమ్మల చార్టులతో చెప్పిన చరిత్ర మనకుంది. పాటలను ఫోన్లో సన్నగా వినిపిస్తూ రోజురోజుకీ కాస్త పెంచవచ్చు. కొత్త బట్టలు రెండుసార్లు ఉతికి, లేబులు కత్తిరించి, ముందే ఒకటి రెండుసార్లు తొడగవచ్చు. గొంతు లేని బిడ్డ చేతికి ఒక రంగు అట్టముక్క ఇచ్చి, అది చూపిస్తే బయటికి తీసుకెళతామని మాటివ్వాలి. ఆ మాట తప్పకూడదు. ఒక్కసారి తప్పితే ఆ అట్టముక్కకు విలువ పోతుంది.

ఇంకో సంగతి. ఏ మార్పూ లేని ఆరాధన క్రమాన్ని మనం విసుగ్గా చూస్తాం. ఈ పిల్లలకు అదే ఆసరా. ప్రతివారం అదే క్రమం, అవే జవాబులు ఉండే చోట కొందరు పిల్లలు పెద్దవాళ్లకంటే ముందే జవాబు చెప్పడం చూశాను.

అన్నిటికంటే కష్టమైనది సమాధి దగ్గర వచ్చే ప్రశ్న. రేపల్లె దగ్గర ఒక పల్లెలో తొమ్మిదేళ్ల పిల్లవాడు వాళ్ల నాయనమ్మ సమాధి పక్కన కూర్చుని లేవనన్నాడు. ప్రభువు లేచాడని మైకులో చెప్పారు, నాయనమ్మ ఎప్పుడు లేస్తుంది? అందరూ ఉష్ ఉష్ అన్నారు. తండ్రి చెయ్యి పట్టి ఈడ్చుకెళ్లాడు. ఇంటికెళ్లాక ఆ పిల్లవాడు నాయనమ్మ మంచం వేసి, కంచంలో అన్నం పెట్టి వారం రోజులు ఎదురు చూశాడట. "నిద్రపోయింది", "దేవుడి దగ్గరికెళ్లింది", "మళ్లీ లేస్తుంది" అని మనం అలవాటుగా అనే మాటలు ఉన్నదున్నట్టుగా వినే బిడ్డ మీద ఏం చేస్తాయో చూడండి. నిద్రంటే భయపడి రాత్రిళ్లు పడుకోని పిల్లలూ ఉన్నారు.

అందుకని సూటిగా చెప్పాలి. నాయనమ్మ చనిపోయింది. ఆమె ఒంట్లో ఏదీ పనిచేయదు. నొప్పి లేదు, ఆకలి లేదు. ఇంటికి రాదు. మనం ఆమెను తలుచుకోవడానికి ఇక్కడికి వచ్చాం, పూలు పెడతాం, పాట పాడతాం, ఎండ వచ్చేసరికి ఇంటికి వెళతాం. విశ్వాసం ఉన్న కుటుంబమైతే, అందరూ లేస్తారని మేం నమ్ముతున్నాం, అది ఈ రోజు కాదు, ఎప్పుడో మాకు తెలియదు అని చెప్పవచ్చు. ఆ "తెలియదు" అన్న మాట చాలామంది పాస్టరుగార్లకు నచ్చదు. పిల్లలకు మాత్రం అబద్ధం కంటే అదే నయం. పండుగకు ముందు ఒకటి రెండుసార్లు పట్టపగలు, జనం లేనప్పుడు సమాధుల దగ్గరికి తీసుకెళ్లి, పేరు చదివించి, సున్నం వేసేటప్పుడు చిన్న బ్రష్షు చేతికిస్తే ఆ చోటు బిడ్డకు తెలిసిన చోటవుతుంది.

స్వస్థత ప్రార్థనల గురించి మాట్లాడకుండా ఈ విషయం ముగించడం పిరికితనమవుతుంది. ఈస్టరు రోజులంటే ఉపవాస కూటాలు. చనిపోయినవాడే లేచాడు, ఈ బిడ్డ బాగవడా అని తల్లిని ముందుకు పిలుస్తారు. బిడ్డ తల మీద చేతులు వేసి కేకలు వేస్తారు. తాకితేనే ఓర్చుకోలేని బిడ్డను నలుగురు పట్టుకుంటారు. నయం కాకపోతే తల్లికి విశ్వాసం చాలలేదంటారు. నమ్మకాన్ని కించపరచాలని నేననడం లేదు. బిడ్డను బలవంతంగా పట్టుకోవడం, ఉపవాసం ఉంచడం, మూర్ఛ మందులు మాన్పించడం హింస. యోహాను సువార్త 9వ అధ్యాయంలో, పుట్టు గుడ్డివాడు ఎవరి పాపం వల్ల అలా పుట్టాడని శిష్యులడిగితే, వాడిదీ కాదు, వాడి తల్లిదండ్రులదీ కాదని యేసు చెప్పినట్టుంది. సంఘపెద్దలతో మాట్లాడేటప్పుడు నేను చట్టం కంటే ముందు ఈ అధ్యాయమే తెరవమంటాను.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 1995 చట్టంలో ఆటిజం ఊసే లేదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిన 40 అంశాల కొలమానంతో నిర్ధారణ చేస్తారు. 2016 చట్టం 29వ సెక్షను సాంస్కృతిక జీవితం, వినోదం గురించి చెబుతుంది. మన దేశం 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒప్పందంలో 31వ అధికరణం కూడా అదే. అయితే 29వ సెక్షను బాధ్యత పెట్టింది ప్రభుత్వాల మీద, స్థానిక సంస్థల మీద. పాస్టరుగారి మీద కేసు వేసి పండుగలో చోటు సంపాదించలేం. అది సంఘంలోని స్త్రీలు కూర్చుని అడిగి తెచ్చుకోవలసిందే.

పైన చెప్పిన కాలెండరు, ఫోటోలు, అట్టముక్క - ఇవన్నీ చేసేదెవరు? మళ్లీ తల్లే. మినుము కోతకో, మొక్కజొన్న కంకులు విరవడానికో వెళ్లి సాయంత్రం ఇల్లు చేరే మనిషి నెత్తిన ఇంకొక పని పెట్టి, చేయలేకపోతే ఇదిగో చూడు నీ లోపం అనడానికి మనం కూడా సిద్ధమవుతున్నామేమో ఆలోచించండి. ప్రత్యేక శిక్షణ పేరుతో జరుగుతున్న దాంట్లో సగం ఇదే. బిడ్డను పండుగకు సిద్ధం చేయడం సగం పని. పండుగను బిడ్డకు సిద్ధం చేయడం మిగతా సగం, అది సంఘం పని.

తెనాలి దగ్గర ఒక పల్లెలో స్త్రీల సమాజం వాళ్లు ఈ మధ్య ఒక ఏర్పాటు చేసుకున్నారు. మట్టల ఆదివారానికి పది రోజుల ముందు నలుగురు కలిసి అయ్యగారి దగ్గరికి వెళ్లారు. మైకు ఆపమని అడగలేదు, బాక్సుల మొహం సమాధుల వైపు కాకుండా రోడ్డు వైపు తిప్పమన్నారు. ఒక పెద్దమనిషి ఒప్పుకోలేదు, "ఒక్క పిల్లాడి కోసం ఊరంతా చెవుల్లో దూది పెట్టుకోవాలా" అన్నాడు. ఆయన భార్యే ఆ నలుగురిలో ఒకరు. బాక్సు తిరిగింది. తెల్లవారుజామున అరగంటకొకరు చొప్పున ఆ పిల్లవాడితో గేటు బయట వేపచెట్టు కింద కూర్చునేలా వంతులు వేసుకున్నారు. వాడికిచ్చిన పని, వచ్చినవాళ్లకు కొవ్వొత్తి అందించడం. ఇరవై మందికి ఇచ్చాక చాలన్నాడు, చాలన్నాక ఎవరూ బలవంతపెట్టలేదు. లోపలికి రాలేదు. గేటు దగ్గరే ఉండి, కరిగిన మైనం వేలికి అంటించుకుని చూసుకుంటూ కూర్చున్నాడు. వాళ్లమ్మ ఆ రోజు ఆరేళ్ల తర్వాత మొదటిసారి తన తల్లి సమాధి దగ్గర నిలబడి పాట మొత్తం పాడింది.