బస్తరులో బడిత్రోవ



బిడ్డను బడికి పంపుట యనగా పట్టణవాసికి బస్సు వేళ చూచుకొనుట, అన్నపు డబ్బా సర్దుట. బస్తరు అడవిలోని తల్లికి అట్లు గాదు. వానకాలమున ఆమె మొదట ఆకాశమువైపు చూడవలెను. పిమ్మట వాగువైపు చూడవలెను. ఆ తరువాతనే బిడ్డ చేయి వదలవలెను. నేటి ప్రసంగమునకు విషయము ఇంటికిని బడికిని నడుమనున్న ఆ కాలిబాట.

బస్తరు తెలుగువారికి పరాయి సీమ కాదు. ఓరుగల్లు పతనానంతరము ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అచ్చట రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు ఐతిహ్యము. జగదల్‌పూరు నుండి దక్షిణమునకు వచ్చు రహదారి శబరి యొడ్డునగల కుంట దాటగానే తెలుగుసీమలో ప్రవేశించును. కుంట, భోపాలపట్నము ప్రాంతములలో తెలుగు నేటికిని వినబడుచున్నది. ఒకప్పుడు ఏకజిల్లాగా నున్న బస్తరు వైశాల్యము సుమారు 39 వేల చదరపు కిలోమీటర్లు. అనగా కేరళ రాష్ట్రముకంటె ఒకింత పెద్దది. 1998 మొదలు 2012 వరకు జరిగిన విభజనలచే అది ఏడు జిల్లాలైనది.

అచ్చటి ఊరు మన ఊరివలె ఒక్కచోట గుమిగూడి యుండదు. ఒకే ఊరు అనేక ‘పారా’లుగా, అడవిలో దూరదూరముగా వెలసియుండును. బడి ఒక పారాలో నుండగా తక్కిన పారాల పిల్లలు అడవి నడుమ నడచి రావలెను. వానలు పడగానే మోకాటిలోతు వాగు నిలువులోతగును. ఇంద్రావతికి ఆవలి యొడ్డున పలు గ్రామములకు నాటుపడవయే శరణ్యము. రహదారి ప్రక్క ఊళ్లలో అపాయము మరియొక రూపమున వచ్చును: బైలాడిలా గనుల ప్రాంతమున ఇనుపరాతి లారీలు పోవు దారియే పిల్లలు నడచు దారి. వీనికి తోడు, పోరు సాగిన అడవులలో భూమిలో పాతిన మందుపాతరలు పెద్దలనే గాక పిల్లలను గూడ బలిగొన్నవి.

బస్తరు బడులకు గొప్ప దెబ్బ 2005 తరువాత తగిలినది. సల్వాజుడుం కాలమున వందలాది పల్లెలు ఖాళీ యైనవి. భద్రతాదళములు కొన్ని బడులలో విడిసినవి. మావోయిస్టులు అనేక బడి కట్టడములను కూల్చివేసిరి. బడిని ఒకరు శిబిరముగా చూడగా మరియొకరు కోటగా చూచిరి. బడిగా చూచినవాడు పిల్లవాడొక్కడే. 2011లో సర్వోన్నత న్యాయస్థానము బడులను, ఆశ్రమ వసతిగృహములను భద్రతాదళములు ఖాళీ చేయవలెనని ఆదేశించినది. ఆ రోజులలోనే రహదారుల చెంత పోర్టా క్యాబిన్ అను పేర తాత్కాలిక కట్టడములలో వసతి పాఠశాలలు వెలసినవి. లోపలి పల్లెల పిల్లలు వేలాదిగా అచ్చట చేరిరి.

ఈ ఏర్పాటువలన మేలు జరుగలేదనుట అన్యాయము. బడియే లేనిచోట చదువు, భోజనము, ఆశ్రయము దొరకినవి. కాని ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపదగియున్నది. త్రోవను క్షేమకరము చేయుటకు మారుగా త్రోవనే తీసివేసితిమి. ఆరేండ్ల పసివాడు సాయంకాలము తల్లియొద్దకు చేరుటయను భాగ్యమును దానికి వెలగా చెల్లించినాడు. వసతిగృహము సంపూర్ణ రక్షణ యనుటకును వీలులేదు. 2024 మార్చిలో బీజాపూర్ జిల్లాలో అట్టి యొక బాలికల వసతిగృహము అగ్నికి ఆహుతి కాగా నాలుగేండ్ల పాప మరణించినది.

దస్త్రముల నడుమ బ్రతుకు ఉద్యోగులకు నియమముల వరుసలోని అర్థము వేరుగా చెప్పనక్కరలేదు. విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి కేంద్రము రూపొందించిన నమూనా నియమావళిలో అయిదవ తరగతివరకు బడి ఒక కిలోమీటరు నడకలోను, ఆరు మొదలు ఎనిమిదివరకు మూడు కిలోమీటర్ల నడకలోను ఉండవలెనని కలదు. వరదలు, రోడ్ల లేమి, పసిబిడ్డలకు త్రోవలో అపాయము ఉన్నచోట ఆ దూరమును ఇంకను తగ్గించి బడి నెలకొల్పవలెనని గూడ కలదు. బడి పెట్ట వీలుకాని చిన్న పల్లెలకు మాత్రమే ఉచిత రవాణా, వసతి మొదలగు ఏర్పాట్లు. అనగా ముందు బడి బిడ్డవద్దకు రావలెను. అది కానిచో బిడ్డ బడివద్దకు పోవలెను. బస్తరులో రెండవది మొదటి స్థానమున కూర్చున్నది.

ఈ వరుసను సరిదిద్దు ప్రయత్నమును మొదలైనది. 2022లో సుక్మా, బీజాపూర్ మున్నగు జిల్లాలలో ఏండ్లతరబడి మూతపడిన సుమారు 260 బడులను తిరిగి తెరచినట్లు రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించినది. లోపలి పల్లెలలో స్థానిక యువకులే ‘శిక్షాదూత’లను పేర చదువు చెప్పుచు వచ్చిరి. 2025లో వారిలో కొందరు మావోయిస్టుల చేతులలో హతులైరి. బడిత్రోవ పిల్లవానిదే గాదు, పంతులుది గూడ.

ఈ కథ బస్తరు ఎల్లలతో ముగియలేదు. 2005 తరువాత అచ్చటినుండి వేలాది ఆదివాసులు నాటి ఖమ్మం, వరంగల్లు జిల్లాల అడవులకు వలసవచ్చిరి. వారి గుడిసెల నుండి సమీపపు తెలుగు బడికి పోవు బాట పలుచోట్ల అడవిబాటయే. గోండి, కోయ భాషల పిల్లవాడు ఆ బాట నడచి బడి చేరి, అచ్చట తెలియని భాషయను రెండవ వాగును దాటవలసియున్నది.

అన్నిటికిని కోట్ల రూపాయలు కావలయునా? జపానులో ఒకే వాడ పిల్లలు జట్టుగా, పెద్దపిల్లలు ముందు నడువగా బడికి పోవు ఆచారము చిరకాలముగా నున్నది. కూడళ్లలో ఊరిపెద్దలు కాపుండి దాటింతురు. అడవిపల్లెలో గూడ ఇది సాధ్యమే. వానకాలమునకు ముందు పంతులు, పంచాయతీ పెద్దలు, తల్లులు కలసి ఒక్కమారు పిల్లలతోనే ఆ త్రోవ నడచి చూడవలెను. ఏ వాగుపై కాలివంతెన కావలయునో, రహదారిని ఎచ్చట దాటవలెనో, ఏ తావున వేగనిరోధకము వేయవలెనో ఆ నడకయే చెప్పును. వాగు పొంగిన దినమున రాలేని బిడ్డకు గైర్హాజరు వేయరాదు. మందుపాతరల అనుమానమున్న తావును తనిఖీ చేసిన పిమ్మటనే బిడ్డను ఆ దారిన పంపవలెను. ఆ బాధ్యత ప్రభుత్వముదే కాని పంతులుది కాదు.

రోడ్లకు అంచనాలు వేయునపుడు లారీ బరువును లెక్కింతురు, అది అవసరమే. ఆ కాగితముమీదనే పలక సంచి మోయు బిడ్డ అడుగును గూడ లెక్కించిననాడు బస్తరు తల్లి వానకాలపు ఉదయమున నిర్భయముగా బిడ్డ చేయి వదలగలదు. అంతకంటె ముఖ్యము, సాయంకాలము ఆ చేయి మరల పట్టుకొనగలదు.