మా అమ్మ వలసదారు అని తెలియక ఒక మార్కు పోయింది | మానవ భూగోళశాస్త్రం

ఈ రోజు ఎపిసోడ్‌లో వలస, జనసాంద్రత, నియతివాదం, సంభావ్యతావాదం, ఈ నాలుగింటినీ ఒకే కథలో చూద్దాం. ముందు నా ఓటమి చెప్తాను, ఎందుకంటే అదే తప్పు మీలో చాలామంది చేస్తారు.

నేను ఒక పోటీ పరీక్షలో ఒక్క మార్కుతో ఆగిపోయాను. ఇంటికొచ్చి కీ చూసుకుంటే ఒక ప్రశ్న నన్ను వెక్కిరించింది. జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వలసకు అన్నిటికన్నా పెద్ద కారణం ఏది? నేను కళ్లు మూసుకుని ఉపాధి అని పెట్టాను. మాది పాలమూరు. మా నాన్న ఏటా దసరా దాటగానే మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని బొంబాయి పోయేవాడు. నా దృష్టిలో వలస అంటే మా నాన్న. ఇంకేం ఆలోచిస్తాను?

సరైన జవాబు పెళ్లి.

ఎందుకో చూడండి. జనాభా లెక్కల వాళ్లు రెండు విషయాలు అడుగుతారు. మీరు పుట్టింది ఎక్కడ? ఇంతకు ముందు ఉన్నది ఎక్కడ? లెక్క రాసుకునే ఊరు, ఆ ఊరు వేరైతే మీరు వలసదారే. పక్క మండలం నుంచి కోడలిగా వచ్చిన మా అమ్మ ఆ లెక్కలో వలసదారు. 2011 లెక్కల్లో ఇలాంటి వాళ్లు 45 కోట్లకు పైనే. అందులో పెళ్లి వల్ల వచ్చినవాళ్లు దాదాపు 46 శాతం. పని కోసం వెళ్లినవాళ్లు దాదాపు 10 శాతమే. మగవాళ్ల వరకే చూస్తే మాత్రం పని ముందుకొస్తుంది. ప్రశ్నలో 'పురుషుల్లో' అనే ముక్క ఉందా లేదా, అది చూసి టిక్ పెట్టండి.

మరి మా నాన్న? ఆయన పోయి, నాలుగైదు నెలలకు ఉగాది నాటికి తిరిగొచ్చేవాడు. ఇలా తిరిగొచ్చేవాళ్లు జనాభా లెక్కలకు సరిగా దొరకరు. అందుకే జాతీయ నమూనా సర్వే 64వ రౌండ్, అంటే 2007-08లో, స్వల్పకాలిక వలస అని విడిగా లెక్కపెట్టారు. ఏడాదిలో ఒక నెల నుంచి ఆరు నెలల లోపు పని కోసం బయట ఉన్నవాళ్లు అన్నమాట. నిర్వచనం మారితే మనిషే లెక్కలోంచి మాయమవుతాడు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. పాలమూరు నుంచి జనం ఎందుకు వెళ్లారు? 'జనం ఎక్కువైపోయి' అని రాస్తే తప్పు. 2011లో పాత మహబూబ్‌నగర్ జిల్లా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు సుమారు 220. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 308. పాత కృష్ణా జిల్లాలో 500 దాటింది. అంటే జనం పల్చగా ఉన్న చోటు నుంచే వలస పోయారు. కాబట్టి మామూలు జనసాంద్రత ఒత్తిడిని చూపించదు. మొత్తం భూమితో భాగిస్తే వచ్చేది అంకగణిత సాంద్రత. సాగుకు పనికొచ్చే భూమితో మాత్రమే భాగిస్తే కాయిక సాంద్రత. సాగుభూమిలో నీళ్లున్నదెంత అనేది ఈ రెండూ చెప్పవు. అది మనమే చూడాలి.

అక్కడే ఇంకో చిక్కు. పాలమూరు పక్కనుంచే కృష్ణా నది పోతుంది. అదే నది కింద విజయవాడకు పోయి డెల్టాను పండించింది. నది ఒకటే, రెండు బతుకులు ఎందుకు?

నియతివాదం, అంటే డిటర్మినిజం, ప్రకృతే మనిషి బతుకును నిర్ణయిస్తుంది అంటుంది. జర్మనీకి చెందిన రాట్జెల్ పేరు దీనితో వస్తుంది. ఇక సంభావ్యతావాదం, అంటే పాసిబిలిజం, ప్రకృతి అవకాశాలు ఇస్తుంది, ఎంచుకునేది మనిషే అంటుంది. ఇది ఫ్రాన్స్‌కు చెందిన విదాల్ ద లా బ్లాష్ ఆలోచన. దానికి ఆ పేరు పెట్టింది లూసియన్ ఫెవ్ర్. ఈ ఇద్దరినీ కలిపేసి మార్కు పోగొట్టుకోకండి.

మా దగ్గర నది లోతున పారుతుంది, చేలు మెట్టన ఉంటాయి. నీళ్లు తోడి పైకి ఎత్తాలి. ఇంతవరకూ ప్రకృతి. కానీ విజయవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట 1855లోనే పూర్తయింది. మాకు ఎత్తిపోతలు రావడానికి ఎన్నో తరాలు పట్టింది. ఈ ఆలస్యం ప్రకృతి చేసింది కాదు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల కాలువలు వచ్చిన చోట ఇప్పుడు వరి కనపడుతుంది. తెలంగాణలో నాట్లు వేయడానికి బీహార్ నుంచి కూలీలు వస్తున్నారు. ఒకప్పుడు జనాన్ని తోసేసిన రాష్ట్రం ఇప్పుడు జనాన్ని లాగుతోంది. ఇదే వికర్షణ, ఆకర్షణ. పుష్ అండ్ పుల్.

ఎవరెట్ లీ 1966లో ఇంకో రెండు కలిపాడు. మధ్యలో వచ్చే ఆటంకాలు, వ్యక్తిగత కారణాలు. మా నాన్నకు బొంబాయి దూరం, భాష రాదు. అవి ఆటంకాలు. అయినా ఎందుకు పోయాడు? మా ఊరివాళ్లు అప్పటికే అక్కడ ఉన్నారు కాబట్టి. ముందుపోయినవాళ్ల వెంట పోవడాన్ని గొలుసు వలస అంటారు. ముంబైలోని కామాటిపురాకు ఆ పేరు అక్కడ స్థిరపడిన కామాటీల వల్లే వచ్చింది. వాళ్లు తెలుగు కూలీలే. అంత పాత గొలుసు అది.

ఇప్పుడు మీకు హోంవర్క్. ఫోన్ పక్కన పెట్టి, ఇంట్లో అందరి పేర్లూ ఒక కాగితం మీద రాయండి. పుట్టిన ఊరు, ఇప్పుడున్న ఊరు, మారడానికి కారణం. ప్రతి పేరు పక్కన పుష్షా, పుల్లా, పెళ్లా రాయండి. అమ్మమ్మను, నానమ్మను అడగండి, వాళ్ల దగ్గర పుస్తకంలో లేనివి దొరుకుతాయి.

నేను ఆ కాగితం పరీక్ష పోయాక రాశాను. అమ్మ పేరు పక్కన వలసదారు అని రాస్తుంటే చూసి, "నేనెక్కడికి పోయిన్రా, ఇంట్లోనే ఉన్న కదా" అని నవ్వింది. పుట్టిన ఊరు విడిచి ముప్పై ఏళ్లయింది ఆమెకు. నాన్న బొంబాయి పోతే ఊరంతా వలస అంది. అమ్మ శాశ్వతంగా వచ్చేస్తే ఎవరూ ఆ మాట అనలేదు, నాతో సహా. నా మార్కు అక్కడ పోయింది.

మీరు పరీక్షకు ముందే రాయండి. మీ ఇంటి లెక్క ఎంత తేలిందో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో జనాభా పరివర్తన సిద్ధాంతం. ఉంటాను ఫ్రెండ్స్.